నాలుగు గంటల బస్సు

పదకొండో భాగం

పోయిన వారం నన్ను ఊరి సచివాలయం గదిలో పెట్టి, బయటి నుంచి తాళం వేసిన చోట ఆపాను. ఈ ఏడు రోజుల్లో మీరు వండుకున్నారు, తిన్నారు, నిద్రపోయారు. నేను మాత్రం ఇంకా ఆ గదిలోనే ఉన్నాను.

కథ ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు ఇంద్రాణి. మాది బుక్కరాయసముద్రం. నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను యూనివర్సిటీలో ఐదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆఫీసుల్లో ఒక పని ఎవరి చేతిలో మొదలై, ఎవరెవరి బల్లల మీదుగా నడిచి, ఎక్కడ ముగుస్తుందో పక్కన కూర్చుని చూడటం, చూసిందాన్ని గడులూ బాణాలూ ఉన్న బొమ్మగా గీయడం నా పరిశోధన. చదువుకున్నవాళ్ళు వర్క్‌ఫ్లో అంటారు. మా అమ్మ గీతలు గీసే చదువంటుంది.

కరువు ఊళ్ళకు నీళ్ళ ట్యాంకరు ఎలా మంజూరవుతుందో ఎనిమిది నెలలు చూసి ఒక బొమ్మ గీశాను. మా గైడు విష్ణువర్ధన్ సారు దాన్ని పైవాళ్ళకు చూపించారు. ఆ బొమ్మ ప్రకారం 'నీటిబాట' అని ఒక యాప్ తయారై నలభై ఒక్క ఊళ్ళలో మొదలైంది. నెల తిరక్కముందే గువ్వలగుట్టపల్లెలో ట్యాంకరు ఆగిపోయింది. ఎందుకాగిందో చూసి రమ్మని సారు పంపితే వచ్చాను. ఆ బొమ్మ గీసిన పాప ఈమేనని ఎవరో చెప్పారు. ఆ ఊరి ముసలావిడ నల్లమ్మవ్వ తన ఇంటికి పోయి తాళం తెచ్చింది.

తాళం నా ఒక్కదానికే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఊరి నీళ్ళ వాల్వులు తిప్పే, ట్యాంకరు కాగితాలు మండలాఫీసు నుంచి తెచ్చే మారెప్పను కూడా నాతోపాటే లోపలికి తోసింది. కాగితాలు ఆయన పేరు మీదే ఆగి ఉన్నాయని యాప్ చెబుతోందట మరి.

పదకొండు గంటలకు తాళం పడింది. ఇప్పుడు నాలుగు కావస్తోంది. కరెంటు లేదు. గోడలు పెనం కాలినట్టు కాలుతున్నాయి. మూలన నా సీసాలో మూడో వంతు నీళ్ళున్నాయి. రెండుసార్లు మారెప్ప వైపు జరిపాను, రెండుసార్లూ వెనక్కి జరిపాడు.

"వద్దు పాపా. బయట ఆడోళ్ళు సూస్తాండారు. వాళ్ళ ముందర నీళ్ళు తాగేకి నాకు మనసొప్పదు."

ఆయన తాగకపోతే నేనెలా తాగేది? సీసా మూలనే ఉండిపోయింది.

కిటికీలోంచి ట్యాంకరు సరిగ్గా ఎదురుగా కనబడుతుంది. పదకొండు రోజులుగా వేపచెట్టు కింద నిలబడే ఉంది. దాని డ్రైవరు రామాంజి క్యాబిన్‌లో కూర్చుని అరగంటకోసారి ఫోన్ చూసుకుంటున్నాడు. యాప్‌లో ట్రిప్పు నంబరు రాకుండా బండి కదిపితే మర్నాటికి వేరే డ్రైవరు వస్తాడు. ట్యాంకరు నీడలో ఖాళీ బిందెలు, బిందెల పక్కన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో నల్లమ్మవ్వ. తాళంచెవి ఆమె కొంగు చివర ముడేసి ఉంది.

ఆమె లేచి కిటికీ దగ్గరికొచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. గొంతు మాత్రం నలభై దగ్గరే ఆగిపోయింది.

"ఏమ్మే, దప్పికైతాందా?"

"లేదవ్వా."

"మేమూ పదకొండు నాళ్ళుగా ఇట్లే లేదు లేదనుకుంటా ఉండాం. పొద్దన లేస్తే మూడు మైళ్ళు పోతాండాం, ఆ చీనీ తోటకాడికి. ఆ బోరు గూడా గాలి కక్కుతాండాది. నా కోడలు నిండు నెలల మనిషి. నిన్న బిందెతో పడె."

"నన్ను వదిలితే పోయి మాట్లాడతానవ్వా. ఈడ కూర్చుంటే ఏమైతాది?"

"నిన్ను వదిలితే నువ్వు పోతావు. మళ్ళా యాడ వస్తావు? మా నీళ్ళకు నువ్వు తాళమేస్తివి, నీకు నేనేస్తి. నువ్వు తీస్తే నేనూ తీస్తా." మారెప్ప వైపు చూసింది. "వానికి చదువు రాదు, సరే. నీకేమాయ? చదవేస్తే ఉన్న మతి పోయిందంట."

అని వెళ్ళిపోయి మళ్ళీ నీడలో కూర్చుంది. నాకు కోపం రావలసింది. రాలేదు. ఆమె కోడలి పేరు మల్లీశ్వరి. పోయిన ఏడు నేను ఈ ఊరికి వచ్చిన మొదటి రోజున ఆ పిల్ల నాకు ఉగ్గాని చేసి పెట్టింది.

మారెప్ప జేబులోంచి చిన్న ఫోన్ తీశాడు.

"పాపా, నన్నొక మాట అడగనిస్తావా? పొద్దుకొక మెసేజి వస్తాండాది. పంచాయతీ సెక్రటరీ చదివి నీ కాడనే ఆగిండాదంటాడు. నా కాడ ఏమాగిండాది? నా కాడ వాల్వు తిప్పే రెంచి తప్ప ఏముండాది?"

ఇరవై రెండేళ్ళుగా ఆ రెంచితోనే ఆయన ఈ ఊరికి నీళ్ళు వదులుతున్నాడు. ఆయన బతుకుతెరువు అదొక్కటే. ఆ పని మీద ఆయనకున్న గర్వం మీకు చెబితే నవ్వుతారు. ఏ వీధికి ఎన్ని నిమిషాలు వదిలాడో గడియారం లేకుండా చెప్పగలడు.

బోర్డు దగ్గర సుద్దముక్క ఒకటి దొరికింది. నేల మీద గీసి చూపించాను. మొదలు ఇక్కడ. ఇక్కడి నుంచి రెండు దారులు. ఒక దారిలో నీళ్ళ ఇంజనీరు సంతకం, ఊరి బోరు ఎండిందని. రెండో దారిలో మండలాఫీసు కాగితం, ఊళ్ళో ఎన్ని ఇళ్ళు, ఎన్ని పశువులు అని. రెండు దారులూ వచ్చి కలిసేచోట ఒక డైమండ్ గుర్తు, అందులో ప్లస్.

"ఈ ప్లస్ దగ్గర రెండూ కలవల్లన్నా. రెండూ వస్తేనే ముందరికి వదులుతుంది. ఒకటే వస్తే రెండోది వచ్చేదాకా నిలబెడుతుంది. ఇంజనీరు సారు మొదటి రోజే సంతకం పెట్టినాడు. మండలాఫీసులో ఆ సీటాయన బదిలీ అయి పోయినాడు. కొత్తాయన ఇంగా రాలేదు. అందుకని ఆగిండాది. కాగితాలు తెచ్చేది నువ్వు గాబట్టి ఆ ప్లస్ నీ పేరు మీద పెట్టినా."

మారెప్ప ఆ ప్లస్ గుర్తును చాలాసేపు చూశాడు.

"సీటాయన లేకపోతే నీళ్ళేంటికి ఆగల్ల?"

"రూలన్నా."

"ఎవరు పెట్టిన రూలు?"

"ఎవరో పెట్టింది కాదన్నా. నువ్వు చేస్తాంటివే, నేను పక్కన కూర్చుని సూసినా గదా. మొదటి కాగితం వచ్చినాక గూడా లేస్తా ఉండ్లేదు నువ్వు. మండలాఫీసు బెంచీ మీదనే రెండోది వచ్చేదాకా కూర్చుంటాంటివి. ఒక్కసారి గాదు, ఎనిమిది నెలలు సూసినా."

ఆయన నన్ను చూశాడు. నేను తమాషాకి అంటున్నానేమోనని చూశాడు. అంటున్నది తమాషాకి కాదని తెలిశాక ఆయన ముఖం మెల్లగా మారింది.

"నేను రెండో కాయితం కోసరం ఆడ కూర్చున్నాననుకుంటివా పాపా?"

"మరి?"

"బస్సు నాలుగ్గంటలకు గదా."

నేను సుద్దముక్క కింద పెట్టాను.

"మన ఊరికి రెండే బస్సులు గదా పాపా. పొద్దన ఎనిమిదికొకటి, మజ్జాన్నం ఆడ నాలుక్కొకటి. ఇంజనీరు సారు రెండింటికల్లా సంతకం పెట్టి ఇస్తాండె. రెండింటికి లేసి యాడికి పోదును? నడిస్తే పన్నెండు మైళ్ళు. ఎట్లాగూ కూర్చోవల్ల గదా, ఆ పక్క కాయితం గూడా అయిపోతే ఇంగోసారి రాకుండా పోతుందని అడుగుతాంటి. ఇస్తే తీసుకుంటాంటి. ఇయ్యకపోతే లేదు."

"ఇయ్యకపోతే?"

"ఒక్క కాయితంతోనే వస్తాంటి. రామాంజి ఇల్లు బస్టాపు కాడనే గదా. దిగుతానే ఇంజనీరు సారు కాయితం ఆయప్ప చేతికిస్తే తెల్లారి బండి పోతాండె. ఆ రెండోది నెలాఖరుకు ఫైల్లో ఉంటే సాలు. ఎవరూ అడుగుతా ఉండ్లేదు."

"ఒక్క కాగితంతో పోయింది నేనెప్పుడూ సూడలేదే."

"ఉగాది ముందర రెండు వారాలు ఆ సీటాయన సెలవు పెట్టినాడు. రెండుసార్లూ ఒక్కదాంతోనే వచ్చినా. నువ్వు ఆ పక్షం రాలేదు."

నిజమే, రాలేదు. ఆ పక్షం నేను బెంగళూరులో ఉన్నాను. ఒక పెద్ద సమావేశంలో ఈ బొమ్మే తెర మీద వేసి, ఎవరూ చెప్పకపోయినా మన పల్లె ఆఫీసుల్లో పనులు వాటంతటవే ఒకదానికోసం ఒకటి ఎలా ఆగుతాయో వివరించి, చప్పట్లు కొట్టించుకున్నాను.

"నేను బస్సు సంగతి ఒక్కసారన్నా అడగలేదా మారెప్పన్నా?"

"నువ్వు మూడున్నరకే కార్లో పోతాంటివి గదా పాపా." ఆయన గొంతులో దెప్పు లేదు. ఉంటే బాగుండేది. "సారు కారు వస్తాండె. నీకు బస్సు గుర్తెట్ల ఉంటుంది?"

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. నేను కండక్టరు కూతుర్ని. కదిరి రూటులో ఏ బస్సు ఏ ఊళ్ళో ఎన్నింటికి ఆగుతుందో ఎక్కాలకంటే ముందు నేర్చుకున్నాను. బస్సుకోసం ఎదురుచూసే మనిషి ఎలా కూర్చుంటాడో నాకు తెలియదా? సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక కాలు ముందుకు చాపి, అప్పుడప్పుడూ రోడ్డు వైపు మెడ తిప్పి చూస్తాడు. మారెప్ప ఎనిమిది నెలలూ అలాగే కూర్చున్నాడు. ప్రాజెక్టు కారెక్కిన రోజునుంచి నాకది కనబడటం మానేసింది. నా నోట్సులో ఏముందో తెలుసా? "2.10, మొదటి కాగితం. నిరీక్షణ. 3.20, రెండో కాగితం. నిరీక్షణ ముగిసింది." నిరీక్షణ ముగియలేదు. నేను కారెక్కి వెళ్ళిపోయాక కూడా ఆయన అరగంట అక్కడే కూర్చున్నాడు. ఆ అరగంట చూసి ఉంటే ఈ తాళం పడేది కాదు.

సిగ్గేసింది. ఆ నేల మీద సుద్ద గీతల ముందు అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. పల్లెకు రెండే బస్సులుండటాన్ని నేను రూలనుకున్నాను. ఆ రూలు పట్టుకుని నాలుగో అధ్యాయం రాశాను. ఆ అధ్యాయం పట్టుకుని వాళ్ళు యాప్ కట్టారు. నలభై ఒక్క ఊళ్ళలో ఎక్కడ ఏ సీటు ఖాళీ అయినా, అక్కడ ట్యాంకరు ఇలాగే చెట్టుకింద నిలబడిపోతుంది.

ఫోన్ తీశాను. తొమ్మిది శాతం ఛార్జింగ్ ఉంది. గోడవైపు తిరిగి విష్ణువర్ధన్ సారుకు చేశాను. ఇంగ్లీషులో మాట్లాడాను. ఎందుకంటే మారెప్ప పక్కనే ఉన్నాడు, ఆయనకు అర్థం కాకూడదు. ఇది కూడా చెప్పుకోవలసిన సిగ్గే కాబట్టి చెబుతున్నాను.

అంతా విన్నారు. బస్సు, బెంచీ, ఉగాది ముందు రెండు వారాలు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు సార్. మారెప్ప ఒక్కడికే తెలుసు."

"అంటే ఎవరికీ తెలీదన్నమాట."

నేను మారెప్ప వైపు చూశాను. ఆయన సుద్ద గీతల మీద దుమ్ము పడకుండా కాళ్ళు పక్కకు జరుపుకుంటున్నాడు.

"చూడు ఇంద్రాణీ. సోమవారం నీ వైవా. హైదరాబాదు నుంచి ఎగ్జామినర్ టికెట్టు కూడా తీసుకున్నాడు. బొమ్మ తప్పని నువ్వే అంటే వైవా ఉండదు, ఐదేళ్ళు గంగలో కలుస్తాయి. యాప్ ఆపాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవడానికి నెల. ఆ నెలంతా ఆ ఊరు ఏం తాగుతుంది? చెప్పు."

ఆయన తెలివంతా అక్కడే ఉంది. తన ప్రాజెక్టు మాట ఎత్తకుండా ఊరి దాహాన్ని నా ముందు పెట్టారు.

"ఆ ఒక్క ఊరికి మినహాయింపు పెట్టి ఇప్పుడే వదిలించగలను. దానికి మోడల్ రాసిన మనిషి ఆమోదం కావాలి. నీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. చెప్పు, పది నిమిషాల్లో బండి కదుల్తుంది."

"మినహాయింపుకి కారణం చూపించాలి కదా సార్?"

"అది నేను చూసుకుంటాను."

మినహాయింపు గడి కూడా నేను గీసిందే. అందులో కారణాలు మూడే ఉంటాయి. బండి చెడిపోయింది. వానా వరదా వచ్చింది. సిబ్బంది నిర్లక్ష్యం, అంటే కాగితం ఎవరి పేరు మీద ఆగిందో వాళ్ళ మీద చర్య. ఆ మూడింట్లోంచి ఒకటి ఎంచుకోకపోతే యాప్ ముందుకు పోనివ్వదు. బొమ్మే తప్పు కావచ్చని నాలుగో కారణం ఒకటి పెట్టాలని నాకు తోచలేదు. బండి బాగానే ఉంది. అనంతపురం జిల్లాలో మే నెలలో వరద రాదు. మిగిలిందేమిటో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది. ఊరు ఊరంతా దప్పికతో కిటికీ అవతల కూర్చుని ఉంది. ఇవతల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, తాగమని ఇచ్చిన నీళ్ళు కూడా ముట్టకుండా.

చెవి దగ్గర మెసేజి మోగింది. ఆరు అంకెలు.

ఏ కారణం రాస్తున్నారు సార్ అని మళ్ళీ అడగొచ్చు. అడగాలని నాకు తెలుసు. అడిగితే ఆయన చెబుతారు, చెప్పాక నేను ఒప్పుకోలేను, ఒప్పుకోకపోతే మల్లీశ్వరి రేపు మళ్ళీ మూడు మైళ్ళు నడుస్తుంది. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. ఇందులో సోమవారం వైవా ఎంత, మల్లీశ్వరి ఎంత అని మీరడిగితే, ఈరోజుకీ నేను విడదీసి చెప్పలేను.

"ఫోర్, సెవెన్, వన్, వన్, నైన్, టూ."

"గుడ్," అన్నారు సారు. ఫోన్ ఆగిపోయింది.

"ఏం నంబరు పాపా అది?" అన్నాడు మారెప్ప. "బస్సు నంబరా?"

"నీళ్ళ నంబరన్నా," అన్నాను.

ఆయన తల ఊపాడు. నీళ్ళకు కూడా నంబరుంటుందని నమ్మేశాడు. నేను చెప్పింది దేన్నీ ఆ మనిషి ఇంతవరకూ అనుమానించలేదు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ట్యాంకరు క్యాబిన్‌లో రామాంజి ఫోన్ కూసింది. చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. తల బయటపెట్టి, "ట్రిప్పొచ్చెనమ్మో" అని అరిచాడు. ఇంజను రెండుసార్లు దగ్గి పట్టుకుంది. నీడలో ఉన్న ఆడవాళ్ళంతా లేచారు. ఎవరో బిందె మీద దరువు మొదలుపెట్టారు. పదకొండు రోజుల తర్వాత ఆ బండి వేపచెట్టు కిందనుంచి కదిలి, గంటలో నిండి వస్తానని హారన్ కొట్టి, ఎర్ర దుమ్ము లేపుకుంటూ పోయింది.

తాళం తీసిన చప్పుడు. నల్లమ్మవ్వ గడప దాటి లోపలికొచ్చి, నా రెండు చెంపలూ నిమిరి కణతల దగ్గర మెటికలు విరిచింది.

"మనసులో పెట్టుకోవద్దు తల్లీ. కడుపు మంటకు అంటి. నువ్వు మా బంగారు తల్లివి."

అప్పటిదాకా తాళం ఎప్పుడు తీస్తారా అని చూసినదాన్ని, తలుపు తెరిచాక అడుగు బయటపెట్టలేకపోయాను. వాళ్ళే చేయి పట్టుకుని నడిపించారు. మూలనున్న నా సీసా మారెప్పే తీశాడు, ఇప్పుడు మూత తిప్పి గటగటా తాగేశాడు. మీసాలు తుడుచుకుని నవ్వాడు.

"పాపా, ఒక మాట. ఇంగ ఆ ప్లస్సు తీసేస్తావు గదా? మిగిలిన ఊళ్ళల్లో గూడా నాలాంటోళ్ళే ఉంటారు. పాపం, వాళ్ళ మీద గూడా ఇట్లే పడతారు జనాలు."

నేను జవాబు చెప్పేలోపే రోడ్డు మీద బస్సు వినబడింది. మండలంలో నాలుగింటికి బయల్దేరే నాలుగు గంటల బస్సు. వంక దాటి మలుపు తిరుగుతోంది.

"పో తల్లీ, బస్సొచ్చె," అంది నల్లమ్మవ్వ. "ఇది పోతే మళ్ళా రేపే."

బస్సు సచివాలయం ముందే ఆగింది. పల్లె స్టాపులో రెండు నిమిషాలు, అంతకుమించి ఒక్క సెకనూ ఆపనని నాయన జీవితమంతా గొప్పగా చెప్పుకునేవాడు. మెట్టు మీద కాలు పెడితే చాలు. ఎక్కితే సోమవారం వైవా, ఆ తర్వాత పేరుకు ముందు డాక్టరు. బ్యాగు భుజాన వేసుకున్నాను. రెండడుగులు వేశాను కూడా.

వెనకనుంచి చిన్న ఫోన్ కూత వినిపించింది.

"పాపా, ఉండు ఉండు." మారెప్ప పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "మెసేజొచ్చె. పదకొండు నాళ్ళు నీ కాడనే ఆగిండాది, ఆగిండాది అని తిట్టినారు గదా. ఇప్పుడు నీళ్ళొచ్చినాయని పెట్టింటారు. అంతా ఇంగిలీషే. సదివి సెప్పి పో."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. చిన్న తెర, మూడే లైన్లు. మొదటి లైన్లో ఆయన పేరుంది. రెండో లైన్లో, విధుల్లో నిర్లక్ష్యం వల్ల ఈరోజు నుంచి పనిలోంచి తొలగించడమైనదని ఉంది. మూడో లైన్లో, ఆమోదించినవారు అన్నచోట, నా పేరుంది.

బస్సులోంచి కండక్టరు పిలిచాడు, ఎక్కేవాళ్ళు ఎక్కండమ్మా అని. బిందె మీద దరువు ఆగింది. ఆడవాళ్ళంతా దగ్గరికొచ్చి చుట్టూ నిలబడ్డారు. నల్లమ్మవ్వ మారెప్ప భుజం మీద చేయి వేసింది. పొద్దున అదే చేత్తో ఆయన్ను గదిలోకి తోసింది.

"ఊరందరి ముందరా వీణ్ణి దొంగ మాదిరి సూస్తిమి," అంది. "అందరూ ఇనల్ల. గట్టిగా సదువు తల్లీ."